చొక్కా తిరగేసి చూడండి: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీ చివర్లో "షర్టుల గురించి ఏమన్నా డౌట్లుంటే రాయండి" అని ఊరికే ఒక ముక్క పడేశా, అంతే, ఇన్ని ఉత్తరాలొస్తాయని అస్సలు అనుకోలేదు. విజయవాడలో బట్టల కొట్టు కౌంటర్ వెనకాల 22 ఏళ్ళు నిలబడ్డవాణ్ణి, తాన్లు విప్పీ విప్పీ చేతులు అరిగినవాణ్ణి కాబట్టి తెలిసినవి చెప్తా. అన్నిటికీ జవాబు రాయలేను, అందరూ అడిగే రకం కొన్ని ఏరాను.

మా అల్లుడికి సంక్రాంతికి మంచి ఫారిన్ కంపెనీ షర్ట్ పెడదామని. లూయీ ఫిలిప్, వాన్ హ్యూసెన్, అలెన్ సోలీ, పీటర్ ఇంగ్లండ్, ఈ నాలుగింట్లో ఏ దేశంది బాగుంటుంది? అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్, కాస్త పేరు చూస్తాడు.
– తణుకు నుంచి ఒక మామగారు

మామగారూ, మీరు చెప్పిన నాలుగూ మన దేశంలో ఒకే ఇంటి పిల్లలండీ. మధుర కోట్స్ అని దారం కంపెనీ ఉండేది కదా, మన అమ్మమ్మల కుట్టు మిషన్ల మీద కూడా వాళ్ళ దారపు రీళ్ళే ఉండేవి, ఆ కంపెనీ వాళ్ళే 1989లో లూయీ ఫిలిప్, 1990లో వాన్ హ్యూసెన్, 1993లో అలెన్ సోలీ తెచ్చారు, 1997లో పీటర్ ఇంగ్లండ్ వచ్చింది, ఆ తర్వాత ఆ రెడీమేడ్ వ్యాపారం మొత్తాన్ని ఆదిత్య బిర్లా వాళ్ళు కొనేశారు. ఇప్పుడు మన దేశంలో నాలుగింటినీ నడిపేది వాళ్ళే. ఆ మధుర వాళ్ళ ఆఫీసు ఎక్కడుందంటారా, మీ అల్లుడుండే బెంగళూరులోనే! అంటే మీరు తణుకులో ఫారిన్ అని కొని బెంగళూరు సరుకుని బెంగళూరే పంపిస్తున్నారన్నమాట.

పేర్లు మాత్రం బయటివే, అందులో అబద్ధం లేదు. లూయీ ఫిలిప్ అంటే 1830 నుంచి 1848 దాకా ఫ్రాన్సుని ఏలిన రాజు. పీటర్ ఇంగ్లండ్ పేరు 1889లో ఐర్లండ్‌లోని లండన్‌డెర్రీలో పుట్టింది. వాన్ హ్యూసెన్ అమెరికాది. అలాగే యారో కూడా అమెరికా పేరే, దాన్ని 1993లో ఇక్కడికి తెచ్చింది అహ్మదాబాద్ అరవింద్ మిల్లు వాళ్ళు. పార్క్ అవెన్యూ అని న్యూయార్క్ వీధిలా వినపడుతుంది గానీ అది 1986లో రేమండ్ వాళ్ళు పెట్టిన పేరు, ఆ రేమండేమో 1925లో బొంబాయి పక్కన ఠాణేలో మొదలైన మిల్లు. కలర్ ప్లస్ మద్రాసుది, దాన్ని కూడా 2002లో రేమండ్ కొనేసింది. మా కొట్లో కస్టమర్లు "రేమండ్ వద్దు, కలర్ ప్లస్ చూపించండి" అంటుంటే నేను లోపల నవ్వుకునేవాణ్ణి.

కాబట్టి దేశం చూడకండి, గుడ్డ చూడండి. షాపులో షర్టు లోపలి వైపు తిరగేయండి, సేల్స్ కుర్రాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. పక్క కుట్టు దగ్గర గుడ్డ అంచు కనపడకుండా మడిచి కుట్టారా, లేక ఉత్త ఓవర్‌లాక్ (అంచు చుట్టూ దారం అల్లే కుట్టు) కొట్టి వదిలేశారా చూడండి. అంగుళానికి ఎన్ని కుట్లున్నాయో బొటనవేలు పెట్టి లెక్కపెట్టండి, 16 పైన ఉంటే మంచిది, 10 దగ్గర ఆగిపోతే పేరు ఎంత పెద్దదైనా పక్కన పెట్టేయండి. గీతలో గళ్ళో ఉంటే జేబు మీద గీత, చొక్కా మీద గీత కలిశాయా లేదా చూడండి, అది కలపడానికి గుడ్డ ఎక్కువ ఖర్చవుతుంది, అందుకే కక్కుర్తి పడేవాడు ముందు కక్కుర్తి పడేది అక్కడే.

ఇంకో మాట, బట్టలు పెట్టేటప్పుడు పసుపు రాస్తారు కదా, కాలర్‌కి రాయకండి, కింద అంచు లోపలి వైపు ఓ చుక్క చాలు. కాలర్‌కో ట్యాగుకో పసుపు తగిలితే సైజు సరిపోకపోయినా ఎక్స్‌ఛేంజ్ చెయ్యరు. నేనే ఎంతమందిని వెనక్కి పంపానో.

అన్నా, ఒక బ్రాండ్‌లో 40 కరెక్ట్‌గా సరిపోతుంది, ఇంకోదాంట్లో 42 కూడా పొట్ట దగ్గర పట్టేస్తుంది. అసలు 40 అంటే ఏంటి? మధ్యలో ఆ 39 ఎందుకుంది? ఆన్‌లైన్‌లో తెప్పించడం, వెనక్కి పంపడం, ఇదే పని అయిపోయింది.
– కూకట్‌పల్లి హాస్టల్ నుంచి ఒక తమ్ముడు

తమ్ముడూ, నీ ప్రశ్నలోనే సగం జవాబుంది, ఆ 39 ఉంది చూశావా, అదే అసలు గుట్టు. ఫార్మల్ షర్టుల మీద ఉండే 38, 39, 40, 42, 44 అనేవి ఛాతీ అంగుళాలు కాదు, మెడ చుట్టుకొలత, అదీ సెంటీమీటర్లలో. 38 అంటే ఇంచుమించు 15 అంగుళాల మెడ, 40 అంటే పదిహేనుముప్పావు, 42 అంటే పదహారున్నర. మనమేమో పాంటు 32, 34 అంగుళాల్లో కొంటాం కాబట్టి షర్టు 40 కూడా ఛాతీ అంగుళాలే అనుకుంటాం, పైగా చాలామందికి ఛాతీ కూడా అటూ ఇటూగా 40 ఉంటుంది, అలా తప్పు లెక్కే కలిసొచ్చి నిజమనిపిస్తుంది. క్యాజువల్ షర్టుల దగ్గర మళ్ళీ కథ వేరు, అక్కడ ఎస్, ఎమ్, ఎల్, లేకపోతే కొన్ని కంపెనీలు నిజంగానే ఛాతీ నంబరు వేస్తాయి. ఆ తేడా ఎవడూ చెప్పడు.

మెడ కలిసినంత మాత్రాన పొట్ట కలవాలని లేదుగా. రెగ్యులర్ ఫిట్‌లో ఒంటి కొలత కంటే ఛాతీ దగ్గర నాలుగైదు అంగుళాలు వదులు పెడతారు, స్లిమ్ ఫిట్‌లో అది తగ్గిపోతుంది, నడుం దగ్గర ఇంకా లోపలికి తీస్తారు. నువ్వు 42 తెప్పించి పట్టేసిందన్నావు కదా, అది కచ్చితంగా స్లిమ్ ఫిట్టే అయ్యుంటుంది, లేబుల్ చూడు.

ఇలా చెయ్యి. నీ దగ్గర నీకు బాగా సెట్ అయిన షర్టు ఒకటుంటుంది కదా, దాన్ని గుండీలు పెట్టి మంచం మీద బల్లపరుపుగా పరువు. ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు దాకా టేపు పెట్టు, దాన్ని రెట్టింపు చెయ్యి. భుజం కుట్టు నుంచి భుజం కుట్టు దాకా ఒకటి. కాలర్ విప్పి గుండీ మధ్య నుంచి కాజా దాకా ఒకటి. ఈ మూడు నంబర్లు ఫోన్లో రాసుకుని సైట్‌లో 'గార్మెంట్ మెజర్‌మెంట్' అని ఉండే పట్టికతో పోల్చు, 'బాడీ మెజర్‌మెంట్' అనే పట్టికతో కాదు, రెండూ వేరు, అక్కడే అందరూ బోల్తా పడేది. కాలర్ గుండీ పెట్టాక మెడకీ కాలర్‌కీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. పొట్ట టైట్ అయితే టైలర్ డార్టులు (బిగుతు కోసం లోపలికి మడిచి వేసిన కుట్లు) విప్పి కొంచెం సర్దగలడు, పొడుగు తగ్గించగలడు, కానీ భుజం తేడా వస్తే మాత్రం మామూలు ఆల్టరేషన్‌తో బాగవదు, కాబట్టి ముందు భుజం చూసుకో.

మావారి ఆఫీసు షర్టులు నాలుగైదు ఉతుకులకే కాలర్ మీద బుడగలు బుడగలుగా లేస్తున్నాయి. ఇస్త్రీ ఎంత గట్టిగా చేస్తే అంత ఎక్కువవుతున్నాయి. నా తప్పా, షర్టు తప్పా?
– గుంటూరు నుంచి ఒక చెల్లెమ్మ

అమ్మా, నీ తప్పు పావలా, షర్టు తప్పు ముప్పావలా. కాలర్ అంటే రెండు పొరల గుడ్డ, మధ్యలో గట్టిగా నిలబడటానికి ఇంకో గుడ్డ, దాన్ని కాన్వాస్ అనో బక్రం అనో అంటాం. పాతకాలం టైలర్లు దాన్ని కుట్టేవాళ్ళు. ఇప్పుడు రెడీమేడ్‌లో ఎక్కువ భాగం అంటించినవే, దానికి ఒకవైపు చుక్కలు చుక్కలుగా జిగురుంటుంది, వేడి మిషన్‌లో ఒత్తితే పై గుడ్డకి అతుక్కుంటుంది. వేడి, ఒత్తిడి, సమయం ఈ మూడూ సరిగ్గా కుదిరితే ఆ కాలర్ ఏళ్ళ తరబడి అద్దంలా ఉంటుంది. కుదరకపోతే ఉతికినప్పుడు లోపలి గుడ్డ ఒకలా, పై గుడ్డ ఒకలా కుంచించుకుపోయి అక్కడక్కడా ఊడుతుంది, ఆ ఊడిన చోటే బుడగ. నువ్వు మంట మీదున్న ఇస్త్రీ పెట్టె పెట్టి నొక్కితే జిగురు మళ్ళీ కరిగి కాస్త అతుక్కున్నట్టు కనపడి, మర్నాటికి వంకరగా గట్టిపడుతుంది.

నాకూ జరిగింది, పేరెందుకు గానీ పెద్ద షోరూములోనే, మా తమ్ముడి పెళ్ళికని కొన్న తెల్ల షర్టు మూడో ఉతుక్కే కాలర్ పూరీలా పొంగింది. తీసుకెళ్తే "వాషింగ్ మిస్టేక్ సార్" అన్నాడు. 22 ఏళ్ళు అదే మాట నేను కస్టమర్లకి చెప్పినవాణ్ణి కదా, నోరెత్తలేకపోయా.

కొనేటప్పుడు కాలర్‌ని రెండు వేళ్ళతో గిల్లి పైపొరని కొంచెం లాగి చూడు. పైపొర విడిగా కదిలితే కుట్టినది, అస్సలు కదలకుండా అట్టలా ఉంటే అంటించినది. అంటించిందైనా తప్పేం లేదు, కానీ వేడినీళ్ళలో నానబెట్టకు, మిషన్ డ్రయ్యర్‌లో వెయ్యకు, ఇస్త్రీ మధ్యరకం వేడి మీద కాలర్ చివర్ల నుంచి మధ్యకి చెయ్యి. మధ్య నుంచి చివరికి తోస్తే మడతలన్నీ మొన దగ్గర పోగవుతాయి. మురికి కాలర్‌కి బ్రష్షు పెట్టి రుద్దే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉంది, ఆ నల్లగీత మురికి కాదు, తల నూనె, దానికి డిష్‌వాష్ లిక్విడ్ రెండు చుక్కలు రాసి పావుగంట వదిలేస్తే చాలు.

అన్నట్టు నీలాంటి ఇల్లాలే కాలర్ చరిత్రని మార్చిందంటారు. 1820ల్లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊళ్ళో హన్నా మాంటేగ్ అనే ఆవిడ, రోజూ మొగుడి కాలర్ మాత్రమే మురికవుతుంటే మొత్తం చొక్కా ఉతకలేక విసుగొచ్చి కాలర్ కత్తిరించేసి, విడిగా ఉతికి మళ్ళీ తగిలించిందట. దాంతో విడి కాలర్ల వ్యాపారమే పుట్టి ఆ ఊరికి కాలర్ సిటీ అని పేరొచ్చింది, ఇందాక చెప్పిన యారో ఆ ఊరి కాలర్లతోనే పేరు తెచ్చుకుంది. ఆ కంపెనీలోనే శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే ఆయన ఉతికితే కుంచించుకుపోకుండా గుడ్డని ముందే కుదించే పద్ధతి కనిపెట్టాడు, గుడ్డ తాను అంచు మీద 'శాన్‌ఫోరైజ్డ్' అని ముద్ర ఉండేది గుర్తుందా, అది ఈయన పేరే.

రింకిల్ ఫ్రీ అంగిలు మంచివేనా? ఇస్త్రీ బాధ తప్పుతదని మా పిల్లగాడు అవే కొంటున్నడు. కొత్తది విప్పంగనే ఒక తీరు వాసన.
– కరీంనగర్ నుంచి ఒక పెద్దమనిషి

ఇస్త్రీ బాధ తప్పేమాట నిజమే. నూలు గుడ్డ తడిసినప్పుడు లోపలి పోగుల పట్టు వదులై, ఆరేటప్పుడు ఎలా ఉంటే అలా బిగుసుకుంటుంది, అదే ముడత. రింకిల్ ఫ్రీ అంటే ఆ పోగులు కదలకుండా రెజిన్ అనే జిగురులాంటి రసాయనంతో ముడేయడం. ఆ రెజిన్‌లో ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు రసాయనం సంబంధం ఉంటుంది కాబట్టే ఆ వాసన, ఒకసారి ఉతికి వేసుకోమనండి. రెజిన్ పెట్టిన నూలు కొంచెం పెళుసవుతుంది, చెమట కూడా మామూలు కాటన్ పీల్చినట్టు పీల్చదు. ఏసీ ఆఫీసులో ఉండేవాడికి ఓకే, కరీంనగర్ మే నెల ఎండలో బండి మీద తిరిగేవాడికి వద్దు.

చేనేత గళ్ళ షర్టు కొన్నా. మొదటిసారి ఉతికితే బకెట్టు నీళ్ళన్నీ ఎర్రగా అయ్యాయి, బనీనుకి కూడా అంటింది. మోసపోయానా? షాపువాడు "80 కౌంటు" అన్నాడు, అంటే ఏంటి?
– చీరాల దగ్గరి పల్లె నుంచి ఒక టీచరు గారు

మాస్టారూ, చీరాల పక్కన ఉండి నన్నడుగుతున్నారు! ఒకప్పుడు మీ ఊరి రుమాళ్ళు అరబ్బు దేశాల దాకా వెళ్ళేవి కదండీ.

కౌంటు ముందు చెప్తా. ఒక పౌను బరువు నూలు తీసుకుంటే అందులో 840 గజాల చిలపలు (దారం చుట్టలు) ఎన్ని వస్తే అంత కౌంటు. 40 కౌంటంటే 40 చిలపలు, 80 అంటే 80. బరువు అదే, చిలపలు ఎక్కువ, అంటే దారం సన్నం. కాబట్టి నంబరు పెరిగేకొద్దీ గుడ్డ మెత్తగా, తేలిగ్గా ఉంటుంది, ధరా పెరుగుతుంది. రోజువారీ షర్టుకి 40, 50 బాగా ఆగుతాయి. 100 కౌంటు షర్టులు ఒంటి మీద ఉన్నాయో లేదో తెలీదు, కానీ నా అనుభవంలో బస్సులో వేలాడే వాళ్ళకి అవి దండగ, మోచేతి దగ్గర ముందు పోతాయి. రెండు దారాలు మెలేసిన '2/80' లాంటివైతే సన్నంగానూ ఉంటాయి, బలంగానూ ఉంటాయి. మన శ్రీకాకుళం జిల్లా పొందూరులో చేత్తో ఒడికి 100 కౌంటు పైన తీస్తారు, అదీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, అది ఒకసారి ముట్టుకుని చూస్తే మిల్లు గుడ్డ మీద మోజు పోతుంది. మంగళగిరి గుడ్డ ఇంకో రకం, గుంట మగ్గం మీద దట్టంగా దెబ్బ కొట్టి నేస్తారు, మా నాన్న ఒక మంగళగిరి చొక్కా పదేళ్ళు వేశాడు, చివరికి కాలర్ చిరిగింది గానీ గుడ్డ చిరగలా.

ఇక రంగు. సరిగ్గా ఇలాంటి గొడవే అమెరికాలో పెద్ద ఎత్తున జరిగిందని చెప్తారు. 1958లో జాకబ్సన్ అనే అమెరికా వ్యాపారి ఇక్కడ కృష్ణన్ నాయర్ గారి దగ్గర మద్రాస్ గళ్ళ గుడ్డ కొన్నాడు, ఈ కృష్ణన్ నాయరే తర్వాత లీలా హోటళ్ళు కట్టిన ఆయన. "చన్నీళ్ళలో జాగ్రత్తగా ఉతకాలి, రంగు దిగుతుంది" అని చెప్పి మరీ ఇచ్చారు. ఆ వ్యాపారి ఆ ముక్క చెప్పకుండా బ్రూక్స్ బ్రదర్స్ అనే పెద్ద షర్టుల కంపెనీకి అమ్మేశాడు, కొన్నవాళ్ళు వాషింగ్ మిషన్లలో వేశారు, మిగతా బట్టలన్నీ రంగురంగులయ్యాయి, కోర్టు దాకా వెళ్దామనుకున్నారు. చివరికి ఏం చేశారో తెలుసా, "రంగు దిగడం గ్యారంటీ" అని ప్రచారం చేశారు, ఉతికినకొద్దీ కొత్త రంగొస్తుందని! జనం ఎగబడి కొన్నారు. మా కొట్టు ఓనరుకి ఈ కథ ముందే తెలిస్తే ఎంత సరుకు అమ్ముకునేవాడో.

మీరు మోసపోయారా అంటే, రెండో ఉతుక్కీ మూడో ఉతుక్కీ రంగు తగ్గుతూ వస్తే మోసం కాదు, మిగులు రంగు దిగిపోతోందంతే. నాలుగోసారి కూడా బకెట్టు ఎర్రగానే ఉంటే అద్దకం సరిగ్గా చెయ్యలేదని అర్థం, తిరిగిచ్చేయండి. విడిగా, చన్నీళ్ళలో, నానబెట్టకుండా ఉతికి నీడలో ఆరేయండి. ఉప్పు వేస్తే రంగు ఆగుతుందంటారు, దాని మీద నాకు నమ్మకం లేదు.

షర్టుకి చివరి కాజా ఒక్కటే అడ్డంగా ఎందుకుంటుంది?
– నెల్లూరు నుంచి ఇంటర్ స్టూడెంట్

భలే చూశావే. నిలువు కాజాల్లో గుండీ పైకీ కిందకీ కొంచెం జరుగుతుంది, గుండీ పట్టీ మాత్రం తిన్నగా ఉంటుంది. తుంటి దగ్గర కూర్చున్నప్పుడు గుడ్డని పక్కలకి లాగుతుంది కదా, అడ్డ కాజా ఆ లాగుడుకి గుండీని జారనివ్వదు. కాలర్ పట్టీ మీది కాజా కూడా అందుకే అడ్డం. అన్ని షర్టులకీ ఉండదు, ఉంటే కుట్టినవాడు పట్టించుకున్నాడన్నట్టు.

ఊళ్ళో తిరిగే మనిషిని, తెల్లచొక్కాలే వేస్తా, రామ్‌రాజ్‌వి డజను దాకా ఉన్నాయి. చంకల దగ్గర పసుపుపచ్చ మరక ఎంత బ్లీచింగ్ వేసినా పోవట్లా.
– పిఠాపురం నుంచి ఒక వార్డు మెంబరు

బ్లీచింగ్ వేశారా, అదే కొంప ముంచింది. ఆ మరక ఉత్త చెమటది కాదు, మీరు వాడేది చెమట ఆపే రకం డియోడరెంట్ అయితే అందులో అల్యూమినియం ఉంటుంది, చెమటతో కలిసి అది పచ్చగా మారుతుంది, క్లోరిన్ బ్లీచ్ తగిలితే ఇంకా ముదురుతుంది. కొత్త మరకైతే వంట సోడా, నిమ్మరసం ముద్దలా కలిపి అరగంట పెట్టి ఉతికించండి. డియో ఆరాక చొక్కా వేసుకోండి. నీలిమందు కూడా ఎక్కువ వద్దు, తెల్లచొక్కా ఊదారంగుకి తిరుగుతుంది. రామ్‌రాజ్ వాళ్ళు 1983లో తిరుప్పూరులో పంచెలతో మొదలెట్టారు, ఇప్పుడు మన దగ్గర మీటింగుల్లో సగం స్టేజీ వాళ్ళదే.

రెడీమేడ్ కొనాలా, గుడ్డ కొని కుట్టించుకోవాలా? ఏది లాభం?
– ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

పన్ను లెక్క చూస్తే 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న రెడీమేడ్ షర్టుకి 5 శాతం జీఎస్టీ, అది దాటితే 18. అంటే 2,499 అని రేటు వేయడానికి ఇప్పుడు ఇంకో కారణం దొరికింది వాళ్ళకి. గుడ్డకి 5 శాతమే. 58 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) ఉంటే ఫుల్ హాండ్స్‌కి 1.6 మీటర్లు చాలు, 36 పన్నా అయితే 2.25 మీటర్లు కావాలి, పొడగరులు ఇంకొంచెం కలుపుకోండి. భుజాలు ఒకటి పైకి ఒకటి కిందకి ఉన్నవాళ్ళు, పొట్టవాళ్ళు, చేతులు బాగా పొడుగ్గా ఉన్నవాళ్ళు కుట్టించుకోండి, లాభం సంగతి తర్వాత, సుఖం వేరు. ఒక్క షరతు, గుడ్డ టైలర్‌కి ఇచ్చేముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇవ్వండి. కొట్టులో ఇది ఎవరికీ చెప్పేవాళ్ళం కాదు, చెప్తే మరో పావు మీటరు అడిగేవాళ్ళు.

నాన్నగారు పోయి మూడేళ్ళు. ఆయన టెరికాటన్ చొక్కాలు ఆరు బీరువాలోనే ఉన్నాయి, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఇచ్చేయబుద్ధి కావట్లేదు, వేసుకుందామంటే నాకు వదులు.
– రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు

చెక్కుచెదరవండీ, ఆ టెరికాటన్‌లో మామూలుగా 67 పాళ్ళు పాలిస్టర్, 33 పాళ్ళు నూలు, అది మనం పోయినా ఉంటుంది. వదులైన చొక్కాని బాగు చెయ్యడం తేలికే, బిగుతైనదాన్నే పెద్దగా ఏం చెయ్యలేం. పాత మనిషి, కత్తెర పట్టడం తెలిసిన టైలర్‌ని వెతకండి, ఆల్టరేషన్ మిషన్ పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చునే కుర్రాడికి ఇవ్వకండి. చేతులూ పక్క కుట్లూ మొత్తం విప్పించి భుజం దగ్గర నుంచి మళ్ళీ కత్తిరించమనండి, ఉత్త పక్కలు లోపలికి నొక్కితే చంక కింద మూటకడుతుంది. కాలర్ అరిగి ఉంటే కొత్తది వేయించక్కర్లా, విప్పి తిరగేసి కుట్టమనండి, ఆ పని ఇప్పటి పిల్లలకి తెలీదు గానీ అరవై దాటిన టైలర్ ఎవరైనా చేస్తాడు. ముందు ఒక్కటే ఇచ్చి చూడండి, ఆరూ ఒకేసారి ఇవ్వకండి. ఇచ్చేముందు జేబులు చూసుకోండి, మా నాన్న చొక్కా జేబులో నాకు రేషన్ షాపు రసీదు దొరికింది.